చిన్నబాబు పూసిన సిలికాను

సెమిలిగుడ నుంచి అమ్మ రాసేది.

చిట్టమ్మీ, నేను బాగున్నాను, బెంగపడకు. మీ అన్న చిన్నబాబు పోకముందు బాత్రూములో గోడకీ నేలకీ మధ్య సందులో నీరు దిగకుండా తన వేలితో పూసిన తెల్ల సిలికాను ఈ వానలకి నల్లగా బూజుపట్టింది. బూజు పోతుందని గడపకి రాసినట్టు పసుపు రాశాను, పచ్చమరక కూడా చేరింది. మేస్త్రీ జగ్గయ్య చూసి, "కోసెయ్యాల పిన్నీ, లేపోతే గోడలోకి నీరు దిగిపోద్ది" అన్నాడు. "ఆడి సెయ్యి పడిందిరా దాని మీద" అన్నాను. "అయితే కొత్తది నువ్వే పుయ్యి పిన్నీ" అని పాతది కోసేశాడు. అంటుకోకుండా సబ్బునీళ్లలో వేలు ముంచి పూశాను. వాడు పూసినంత సాపుగా రాలేదు గానీ నీరు దిగడం లేదు. నీ దగ్గు తగ్గిందా? రాయగడలో చలి మొదలైతే వాడి స్వెట్టరు పంపనా? అల్లుడికీ పిల్లకీ నా దీవెనలు. వేళకి కడుపునిండా అన్నం తిను.