శనివారం నాలుగు గంటలు

మే 9, శుక్రవారం.
వంట రెండు పూటలా అయింది. దుప్పట్లు నాలుగు ఉతికి ఆరేశాను. కారుతున్న కుళాయి బాగు చేయించాను. కిటికీ అద్దాలు మూడు తుడిచాను, నాలుగోది రేపు. మిగిలింది నీకు ఉత్తరం.

ప్రియమైన పిచ్చుకా,

ఫోన్లో అయితే నా మాట సగంలో ఉండగానే నువ్వు జవాబు చెప్పేస్తావు. అందుకే కాగితం మీద రాస్తున్నాను.

సంగీతోత్సవంలో రెండో వేదిక మొత్తం నీకు అప్పగించారని తెలిసినప్పటి నుంచి గుమ్మంలోకి వచ్చిన ప్రతివాళ్ళకీ చెబుతున్నాను. పాలవాడికి కూడా చెప్పాను. "అంటే పాడుతుందా అమ్మా?" అన్నాడు. "పాడదు. ఎవరు ఎప్పుడు ఎంతసేపు పాడాలో తేలుస్తుంది" అన్నాను. "అబ్బో, అత్తగారి ఉద్యోగమన్నమాట!" అన్నాడు. వైర్లు చుట్టే పనితో మొదలుపెట్టి పదకొండేళ్ళకి అత్తగారివయ్యావు. సంతోషం.

ఇప్పుడు అసలు సంగతి. మూడు రోజులు, పద్దెనిమిది బృందాలు అన్నావు. అందులో ఒక చోటు మీ బావకి ఇవ్వు. రిటైరయ్యాక మాండొలిన్ కొని నేర్చుకుంటున్నారని నీకు తెలుసు. దర్జీ వయొలిన్, కాంపౌండరు డ్రమ్ము, ఈయన మాండొలిన్. ముగ్గురూ రోజూ సాయంత్రం దర్జీ కొట్లో చేరతారు. ఆయన నోరు తెరిచి అడిగే మనిషి కాదు. నేనడుగుతున్నాను.

ఇంకోటి. నిన్న నోరాగక, నువ్వే పిలుస్తున్నావని ఆయనకి చెప్పేశాను. వంటింటి క్యాలెండర్లో సిరాతో రాశాను కూడా. ఆయన మాండొలిన్ తుడుచుకుంటూ "అలాగా" అన్నారు, అంతే. సంతోషంతో మాట రాలేదనుకుంటాను.

వేళకి తింటున్నావా?

నీ అక్క

*

మే 20

ప్రియమైన అక్కా,

పదకొండు రోజులు ఆలస్యం చేశాను. మూడు ఉత్తరాలు రాసి చింపాను. ఇది చింపను.

మా దగ్గరికి నాలుగు వందల పన్నెండు రికార్డింగులు వచ్చాయి. ఆఫీసువాళ్ళు పేర్లు తీసేసి సంఖ్యలు వేసి ఇస్తారు. అలా ఇమ్మని అడిగింది నేనే. ఎందుకో చెబుతాను.

నేను వైర్లు చుట్టే రోజుల్లో, అప్పట్లో వేదిక చూసే పెద్దాయన తన మేనల్లుడికి సాయంత్రం ఆరు గంటల వేళ ఇచ్చాడు. నేను వెనక నిలబడి చూశాను. మొదట ఇద్దరు లేచారు, తరువాత వరసలకి వరసలే. అతను కళ్ళు మూసుకుని పాడుతున్నాడు. తెరిచేసరికి ముందు గడ్డి తప్ప ఏమీ లేదు. మళ్ళీ అతను ఎక్కడా పాడలేదట. వేదిక ఇవ్వడం ఉపకారం అనుకుంటారు అక్కా. ఒక్కోసారి అంతకంటే అపకారం లేదు.

ఎంపికలు మార్చిలోనే అయిపోయాయి. ఎంపిక కానివాళ్ళకి ఊరికే "విచారిస్తున్నాం" అని అచ్చుకాగితం పంపడం నాకిష్టం లేదు. ఒక్కొక్కరికీ రెండేసి వాక్యాలు నా చేత్తో రాశాను. ఆఫీసువాళ్ళు చిరునామాలు వేసి పంపారు. నా బొటనవేలు ఇంకా సలుపుతోంది.

ఇది నా మొదటి వేదిక. ఇది నిలబడితేనే వచ్చే ఏడు మళ్ళీ నాకిస్తారు. అదొక్కటే అయితే నీ కోసం తెగించేదాన్ని. కానీ బావగారు కళ్ళు తెరిచేసరికి ముందు గడ్డి కనిపిస్తే? అది నేను చూడలేను. నన్ను అడగొద్దు.

నీ పిచ్చుక

*

మే 24

పిచ్చుకా,

ఉత్తరం అందింది. గడ్డి గురించి బాగా రాశావు.

నిన్న కొట్టు ముందు నుంచి వస్తుంటే దర్జీ, "ఏమమ్మోయ్, ఎండలో వాయించాలి, చలవ కళ్ళజోడు పెట్టుకోవచ్చా, మీ చెల్లెల్ని కనుక్కో" అన్నాడు. మూడు చొక్కాలు ఒకే గుడ్డలో కత్తిరించి పెట్టాడు. అతనికి ఎవరు చెప్పారంటావా? నేనే.

నువ్వు మా ఇంట్లో ఆరేళ్ళున్నావు. జీతం లేకుండా ఉత్సవాల వెంట తిరిగిన రోజుల్లో ఎన్ని గంటలకి వచ్చినా నీ కంచం మూతపెట్టి ఉండేది. ఎప్పుడైనా లెక్క అడిగానా? ఇప్పుడు అడుగుతున్నాను.

అక్క

*

జూన్ 6

ప్రియమైన అక్కా,

శనివారం నాలుగు గంటలకి. నలభై నిమిషాలు. బావగారి బృందం.

ఆ వేళ సంఖ్య 231ది. ఆమె బస్సు కండక్టరు, అకార్డియన్ వాయిస్తుంది. రికార్డింగు విన్న రోజున నేను లేచి నిలబడ్డాను. నిన్న ఫోన్ చేసి, చోటు పోయిందని చెప్పాను. "పర్వాలేదండీ, సెలవు ఎలాగూ పెట్టేశాను, వచ్చి వింటాను" అంది. తిట్టినా బాగుండేది.

కార్యక్రమ పత్రం పదహారో తేదీన అచ్చుకి వెళుతుంది. ఆ ఆరేళ్ళ అన్నానికి నువ్వు కోరింది ఇదే అయితే, ఇదిగో.

బావగారికి నమస్కారాలు చెప్పు.

పిచ్చుక

*

జూన్ 10, మంగళవారం.
వంట ఒక పూటే. ఇంకేమీ చేయలేదు.

ప్రియమైన పిచ్చుకా,

అచ్చుకి వెళ్ళేలోపు అందాలని ఇది కొరియర్లో పంపుతున్నాను. ఫోన్ చేయొచ్చు కదా అంటావు. ఇది సగంలో ఆగకూడదు.

నీ ఉత్తరం రాగానే గెలిచినట్టు తీసుకెళ్ళి మీ బావ చేతిలో పెట్టాను. కళ్ళజోడు పెట్టుకుని ఒకసారి చదివారు. ఆ కండక్టరు దగ్గర ఆగి మళ్ళీ చదివారు. తరువాత లేచి మాండొలిన్ పెట్టె తెరిచి, అడుగున ఉన్న గుడ్డ కింద నుంచి ఒక చీటీ తీశారు. సంఖ్య 88. "మీ ముగ్గురూ ఒకరి కోసం ఒకరు ఆగుతున్నారు. మాండొలిన్ ముందు నడవాలి, తప్పు పోయినా సరే." నీ దస్తూరీ.

"ఇదెప్పటిది?" అన్నాను.

"ఏప్రిల్‌లో వచ్చింది. దర్జీ పేరుతో పంపాం."

"అది మీరని దానికి తెలుసా?"

"తెలిస్తే ఇలా రాస్తుందా? నేను గుర్తుపట్టాను. ఆరేళ్ళు దాని దరఖాస్తులన్నీ నేనే సరిచూశాను కదా."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే ఊరుకుంటావా? ఉత్తరం రాస్తావు."

"మరి పిలుస్తోందని నేను చెప్పినప్పుడైనా..."

"సిరాతో రాసేశావు. నీ క్యాలెండరు పాడు చేయడమెందుకని ఊరుకున్నాను. అది ఎలాగూ ఒప్పుకోదనుకున్నాను. ఇలా ఆ పిల్ల మెడ మీద కూర్చుంటావని అనుకోలేదు."

పిచ్చుకా, ఆయన నా మీద గొంతు పెంచడం పెళ్ళయిన ఇన్నేళ్ళలో రెండోసారి. కాసేపటికి ఆయనే అన్నారు: "నువ్వు బాగుందంటావు, దర్జీ బాగుందంటాడు, కాంపౌండరుకి వినిపించనే వినిపించదు. అరవై ఒక్కేళ్ళకి నా వాయింపు చివరిదాకా విని నిజం చెప్పింది అదొక్కతే. ఆ చీటీ వచ్చినప్పటి నుంచి నేను ముందు నడుస్తున్నాను."

సాయంత్రం నేనూ దర్జీ కొట్టుకి వెళ్ళి స్టూలు మీద కూర్చున్నాను. మూడేళ్ళలో మొదటిసారి. బాగుందని ఎప్పుడూ వీధిలోంచే అనేదాన్ని. నాకు సంగీతం తెలియదు కానీ, ఒకచోట ముగ్గురూ కిందా మీదా పడ్డారు, ఈయన ఆగకుండా ముందుకు లాక్కెళ్ళారు. పెద్ద మైదానానికి సరిపోదని నాకే తెలిసింది. స్టూలు మీద నుంచి లేవాలని మాత్రం అనిపించలేదు.

కండక్టరుకి ఈ రోజే ఫోన్ చెయ్యి. ముందు క్షమాపణ చెప్పు, నా తరఫున కూడా. శనివారం నాలుగు గంటలకి మేం నలుగురం ఎదురుగా కూర్చుంటాం, ఒకే గుడ్డ చొక్కాలు ముగ్గురు, చీరలో నేను. ఎవరు లేచినా మేం లేవం. వచ్చే ఏడు వీళ్ళు మళ్ళీ పంపుతారట. ఏ సంఖ్యో కనుక్కోవద్దు, నేనూ అడగను.

పెట్టిన అన్నానికి లెక్క అడిగాను. అడగకూడదు. అడిగాను కాబట్టి తేల్చి రాస్తున్నాను:

పిచ్చుక దగ్గర నుంచి రావలసినది: ఏప్రిల్‌లోనే ముట్టింది, మీ బావ పుచ్చుకున్నారు. బాకీ లేదు.

నీ అక్క