286 రాసిన చెయ్యి

మార్చి 3
క్లినిక్‌కి బ్యాండ్ వచ్చింది. మణికట్టుకు కట్టుకుంటే చాలట, సూది లేకుండానే షుగర్ ఎంతో చెబుతుందట. దాన్ని తెచ్చిన ఇంజనీరమ్మకు ముప్ఫై కూడా ఉండవు. మూడు నెలల ట్రయల్. వచ్చినవాళ్ళకు ఆమె బ్యాండ్ కట్టాలి, అదే నిమిషంలో నేను వేలు గుచ్చి షుగర్ చూడాలి. నా నంబరే అసలుదని, దాన్నిబట్టే బ్యాండ్‌కి మార్కులని డాక్టర్ గారన్నారు. కాస్త ఊరట.

మార్చి 9
ఊరటా లేదు, పాడూ లేదు. పదిహేడేళ్ళుగా ఈ గదిలో వేళ్ళు గుచ్చుతున్నాను. నేను గుచ్చితే నొప్పే తెలియదని వెతుక్కుంటూ వచ్చినవాళ్ళే ఇవాళ ఆమె బల్ల చుట్టూ మూగారు. డ్రాయింగు మేస్టారు కూడా. నాకు తప్ప ఇంకెవరికీ వేలు చాపని మనిషి, బ్యాండ్‌ని మురిపెంగా చూసుకుంటూ, ఇక నీ సూదికి సెలవేనమ్మా అన్నారు. నవ్వాను. లోపల ఒళ్ళు మండిపోయింది.

మార్చి 12
ఆమె టిఫిన్ బాక్స్ కూడా నా దానికన్నా బాగుంది.

మార్చి 18, ఉదయం 10
మేస్టారు కమలాపండు ఒలుచుకు తింటూ వచ్చారు. చేతులు కడిగించకుండా గుచ్చితే, వేలికంటిన రసంతో నంబరు ఎగబాకుతుంది. అది నాకు తెలియనిదా? హడావుడిలో మరిచాను. నాది 286. బ్యాండ్‌ది 131. ఇంజనీరమ్మ మొహం వాడిపోయింది. ఆ మొహం చూస్తుంటే తగిలింది నాకు పండు వాసన. ఇంకోసారి చూద్దామా అక్కా అని ఆమె అడిగింది కూడా. అక్కర్లేదు, నా చెయ్యి తప్పదు అన్నాను. ట్రయల్ ఫారంలో 286 రాసి సంతకం పెట్టాను. చాలా రోజులకు టీ రుచిగా అనిపించింది.

సాయంత్రం 4
నా నంబరును బట్టే మేస్టారు ఇన్సులిన్ వేసుకుంటారు. ఆ సంగతీ నాకు తెలుసు.
ఇంటికెళ్ళి యూనిట్లు పెంచి పొడుచుకున్నారట. ఒళ్ళంతా చెమటలు పట్టి, కుర్చీలోంచి జారిపోయారట. మోసుకొచ్చారు. గ్లూకోజ్ ఎక్కిస్తున్నారు. పొద్దున అంత ఎక్కువున్న మనిషికి ఇంతలోనే ఎలా పడిపోయింది సిస్టర్ అని ఆయన భార్య నన్నే అడిగింది. గ్లూకోజ్ సీసా సరిచేస్తున్నట్టు అటు తిరిగాను.

మార్చి 19
ఇంకా పూర్తిగా తెలివిలోకి రాలేదు. ఇంజనీరమ్మ ఆయన భార్య చెయ్యి పట్టుకుని కూర్చుంది. దానికీ కుళ్ళుకున్నాను. ఛీ.

మార్చి 20
మేస్టారు లేచి కూర్చున్నారు. ఇంజనీరమ్మ కట్టిన బ్యాండ్ విప్పించేసి నాకు వేలు చాపారు. నీ చెయ్యి తప్పదమ్మా, వయసు మీదపడి నేనే యూనిట్లు ఎక్కువ వేసుకుని ఉంటాను అన్నారు. ఇన్నాళ్ళూ ఈ మాట కోసమేగా ఏడ్చాను. వినలేకపోయాను. చేతులు పట్టుకుని అంతా చెప్పేశాను. ఆయన వేలు వెనక్కి తీసుకున్నారు.

అదే రోజు, 12.30
ఇంజనీరమ్మ గది బయట బెంచీ మీద కూర్చుని రాస్తున్నాను. ఒళ్ళో ఆ ఫారం. 286 కొట్టేసి, పక్కన జరిగింది రాశాను. చదివాక ఆమె నన్ను ఒక్క మాటా అనదు. నాకు తెలుసు. అందుక్కూడా ఇప్పట్నుంచే కుళ్ళుగా ఉంది.