బొట్టు పెట్టి వదిలేశాను

చెన్నై రేవు, బుధవారం

దేముడమ్మప్పకి తమ్ముడు కూర్మారావు నమస్కారం. ఒళ్లు బాగానే ఉంది, కంగారుపడకు. విచారణ అయ్యేదాకా ఓడలో అందరి ఫోన్లూ తీసేసుకున్నారు, అందుకే ఈ కార్డు.

సముద్రం అడుగున మూడు కిలోమీటర్ల లోతునుంచి పరిశోధన వల లాగింది నేనే. బురదలో అరచేయంత జీవి ఒకటి కొనఊపిరితో ఉంది. వీపున డిప్ప, గాజులాంటి కాళ్లు. నాన్న వలలో తాబేలు పడితే చేసేటట్టే, నువ్విచ్చిన శ్రీకూర్మం కుంకుమతో బొట్టు పెట్టి, దండం పెట్టి నీళ్లలో వదిలేశాను. సైంటిస్టు శైలజమ్మ పరిగెత్తుకొచ్చారు. ఆవిడదీ మన వైపే, విజయనగరం. "ఏటి సేసినావయ్యా! అలాటిది ఇంతవరకూ ఎవలూ సూళ్లేదు!" అని అరిచారు. తర్వాత నెమ్మదిగా, "అడుగునుండేది పైనీళ్లలో బతకదయ్యా" అన్నారు.

రేపు నన్ను పిలుస్తారు. ఉద్యోగం ఉంటుందో పోతుందో తెలీదు. నాన్నతో అనకు. ఆయన కంట్లో చుక్కలు వేస్తున్నావా? గేదె ఈనిందా? మేనకోడలు రేఖకి నా దీవెనలు.

శనివారం శ్రీకూర్మం వెళ్లి ఒక దీపం పెట్టు. నా ఉద్యోగం కోసం కాదు. నేను వదిలాక అది ఈదలేదప్పా, మునిగిపోయింది.