మోతీ చెవిలో పిడుదు

శ్రావణ శుక్రవారం, రాత్రి

మోతీ ఈ సాయంత్రం లేచి నాలుగడుగులు వేసింది. సంతోషించే ముఖం నాకు లేదు.

మొన్న దాని వెనక కాళ్లు పడిపోతే మనవరాలు పద్మ ఏడ్చింది. కుక్క వేషాలేస్తోందని కసిరాను. నిన్న ముందరి కాళ్లూ పడిపోయాయి, మొరుగు కూడా రాలేదు. ఇవాళ పొద్దున్న పాలు పోసే రాధాబాయి దాని చెవి మడిచి, ఆముదపు గింజంత పిడుదును పీకి చూపింది. ఆ పురుగు విషమే కాళ్లు పట్టేసిందట.

"రోజూ చూస్తన్నావు కదా మామ్మా? మరిదేటి?" అంది పద్మ.

వానలు మొదలవగానే క్వార్టర్ తలుపు వెనక కాగితం అంటించింది నేనే. రోజూ కుక్క చెవులు, వేళ్ల సందులు వెతికి, చూసినట్టు గీత పెట్టాలి. శ్రావణం వచ్చాక మడిచీరతో ముట్టుకోలేక, వరండాలోంచి ఒక చూపు చూసి గీత పెట్టాను. ఒక్క రోజూ మానలేదు. పద్మ లెక్కలో ఒక్క అంకె తప్పితే అన్నం పెట్టని దాన్ని నేను.

"మడి కదే, ముట్టుకోలేదు" అని ఒప్పుకున్నాను.

"అచ్ఛా. నాకు చెప్తే నేను చూసీదాన్ని కదా!"

సాయంత్రం మడి విడిచి, మోతీ చెవులు వేలు పెట్టి వెతికాను. ఏమీ లేవన్నాను. పద్మ తలూపింది. తర్వాత నా పక్కనే కూర్చుని, మళ్లీ మొదటినుంచీ చూసింది.