డోర్ డెలివరీ అంటే వాకిలి దాకానే

తమ్ముడూ, లారీ ఆఫీసులో కుదురుకున్నాను, అమ్మను బెంగపడొద్దను. నాన్నకు తల వైపు లేచే మంచం పంపాను. పార్టు లోడులో, అంటే పదిమంది సరుకుతో కలిసి వస్తుంది గనుక కాస్త ఆలస్యమవుతుంది.

నిన్న ఒక పెద్దావిడ ఆఫీసుకు వచ్చింది. “డోర్ డెలివరీ అన్నారుగా, మంచం వాకిట్లో దింపేసి పోయారమ్మా. మా ఆయనింకా నేల మీదే ఉన్నాడు” అని ఏడ్చింది. “డోర్ అంటే వాకిలి దాకానే, లోపలికి మొయ్యడం మా పని కాదు” అన్నాడు గుమాస్తా. సాయంత్రం నేనూ డ్రైవరూ వెళ్లి మేడ మీదికి చేర్చాం. ఆయనకు మాట పడిపోయిందట. నా చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

నువ్వు ఇద్దరు మనుషుల్ని ముందే మాట్లాడి పెట్టుకో. గుమ్మం కొలిచి చూడు. అమ్మ కళ్లజోడు బాగుచేయించావా? నాన్న వీపు మీద పుండు మానిందో లేదో దాచకుండా రాయి.

అందరూ చల్లగా ఉండండి.

అక్క