బోరుకు పెట్టిన బొట్టు

నవంబరు 3, సోమవారం. నంద్యాల

పాత గ్యాసు బోర్ల సర్వే మొదలైంది. నీళ్లకని వేస్తే గ్యాసు పడిన బోర్లు మా లిస్టులో పదకొండు. ఒక్కదానికీ లైసెన్సు లేదు. తనిఖీలో నిలిచినవాటికి లైసెన్సు ఇస్తారు, మిగతావి సిమెంటుతో మూసేస్తారు. ఫారాలు నింపేది నేను. సంతకం పెట్టేది మా ఆఫీసరు లూదియా మేడమ్.

ఏడో నంబరు: శివమ్మ, ఆళ్లగడ్డ. మా అవ్వ.

నవంబరు 4

ఏడో ఫారం ఆఫీసులో కూర్చునే నింపేశాను. నేను పుట్టిన ఏడాది తాత వేయించిన బోరు అది. గ్యాసు పడితే వాల్వు బిగించి, పైపు లాగి, పక్కనే బొరుగుల బట్టీ కట్టాడు. ఆ మంట మీద వేగిన బొరుగులే నన్ను డిగ్రీ దాకా చదివించాయి. మా ఇంట్లో బడికి పోయిన మొదటి మనిషిని నేను. అవ్వకు, నాయనకు ఇప్పటికీ బట్టీయే బతుకు.

ఎక్కువైన గ్యాసు బయటికి పోయే రంధ్రం ఉందా? ఉంది అని టిక్ పెట్టాను. వాల్వు పక్కనే, చిటికెన వేలు పట్టేంత. బాగా గుర్తు.

నవంబరు 5

ఎప్పుడు పోయి చూసినావు అని మేడమ్ అడిగింది. పోలేదన్నాను. మా అవ్వదే అని కూడా చెప్పాను. తిట్టలేదు. ఫారం చించి కొత్తది ఇచ్చింది. కళ్లతో చూసి రా, తర్వాత నేనూ వస్తా అనింది.

నవంబరు 7, శుక్రవారం. ఆళ్లగడ్డ

నేను పోయేసరికి అవ్వ బోరుకు నీళ్లు పోసి కడిగి పసుపు పూస్తోంది. ప్రతి శుక్రవారం ఇదే. పదో తరగతి దాకా బొట్టు పెట్టే పని నాది. అగ్గి ఇచ్చే తల్లికి ముఖం ఉండొద్దా పాపా అనేవాడు తాత. ముఖం యాడుందా అని వెతికితే నాకు ఆ రంధ్రం కనిపించింది. నుదురు అదే అనుకున్నాను. దాని మీద పసుపు ముద్ద ఒత్తి, మధ్యలో కుంకుమ పెట్టేదాన్ని.

ఈ రోజు చూస్తే రంధ్రమే లేదు. పసుపు రాయిలా గట్టిపడి ఉంది.

అవ్వని అడిగాను. రెండేండ్ల నుంచి మంట తగ్గతాండాది, తల్లికి కోపమొచ్చిందని పసుపు ఇంకా దట్టంగా పెడతాండా అనింది. మంట తగ్గితే గ్యాసు యాడికి పోతాండాదో చూసినావా అన్నాను. నువ్వు ఆఫీసరువా, మనవరాలివా, ముందు అది తేల్చుకో, లోపల టీ ఉంది అనింది.

బోరు చుట్టూ సిమెంటు మీద సబ్బు నురగ పోశాను. పగుళ్లలో బుడగలు లేచాయి. వరసగా, బట్టీ గోడ దాకా. తల తిప్పేసరికి అవ్వ హారతి పళ్లెంలో కర్పూరం పెట్టుకుని అగ్గిపెట్టె తెరిచింది.

లాక్కున్నాను. అవ్వ చేతిలోంచి ఏదైనా లాక్కోవడం ఇదే మొదటిసారి.

మేడమ్‌కి ఫోన్ చేశాను. బట్టీ ఆర్పేయండి, ఎవరినీ దగ్గరికి రానీయొద్దు, వాల్వు ముట్టుకోవద్దు అనింది.

సాయంత్రం 4

నాయన చాలాసేపు బతిమాలాడు. రంధ్రం ఉందని రాసెయ్ మా, పసుపు నేను గీకేస్తా, ఎవరికి తెలుస్తాది, మూసేస్తే మీ అవ్వ ఏం చేస్తాది అన్నాడు.

రంధ్రం ఉందా? లేదు. కారణం: పసుపు కుంకుమలతో మూసుకుపోయింది. మొదలుపెట్టింది నేనే.

నవంబరు 8

నాయన మాట్లాడడం లేదు.

నవంబరు 14, శుక్రవారం. ఆళ్లగడ్డ

మేడమ్ వచ్చింది. ఇనుము తగిలితే నిప్పురవ్వ లేస్తుందని చెక్క పుల్లతోనే పసుపంతా తీయించింది. గ్యాసు బుస్సుమని బయటికొచ్చింది. అవ్వ రెండడుగులు వెనక్కి వేసింది.

మూసేయమంటుందనే అనుకున్నాను. సిమెంటు కొత్తగా వేయండి, రంధ్రానికి మనిషి కంటే ఎత్తు గొట్టం బిగించండి, బట్టీ దూరంగా జరపండి, నెలకు మళ్లీ వస్తా అనింది. ఆ రోజు నురగలో ఒక్క బుడగ లేచినా మూతే. బోరు దగ్గర కర్పూరం ఇంక లేదు.

అవ్వ దండమన్నా పెట్టుకోవచ్చునా అమ్మా అని అడిగింది. దానికి లైసెన్సు అక్కర్లేదు అనింది మేడమ్.

నవంబరు 25

నాయన ఫోన్. బట్టీ రాళ్లు ఒక్కోటి మోసి అవతలి గట్టు మీద మళ్లీ కట్టాడంట. నలభై అడుగులు, మీ మేడమ్‌తో చెప్పు అని పెట్టేశాడు.

డిసెంబరు 12, శుక్రవారం. ఆళ్లగడ్డ

అవ్వ బోరును కడిగింది. పసుపు పూసినంత పదిలంగా సబ్బు నురగ పూసింది. నలుగురం వంగి చూశాం. బుడగ లేవలేదు. మేడమ్ సంతకం పెట్టింది.

అవ్వ చేయి తుడుచుకుని, కుంకుమ తీసి, నా నుదుట పెట్టింది.