చెవుల్లో దూది పెట్టుకుని రాసిన కొలతల గురించి

శబ్ద నియంత్రణ అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: మా భవనం నేలమాళిగలో ఉన్న పాటల హాలును రేపు, గురువారం ఉదయం పదకొండు గంటలకు సీలు చేయుటకు ఆధారమైన కొలతలు తప్పని, ఆ తప్పు చేసినది నేనేనని, అందుచేత నా మీద నేను దాఖలు చేసుకొను ఫిర్యాదు.

జతపరచినవి: కొలతల పుస్తకం (అసలుది, నలభై నాలుగు పేజీలు, ఏ పేజీ చింపబడలేదు).

ఈ క్రింది సంగతులు తమ దృష్టికి తెచ్చుచున్నాను.

1. ముప్ఫై ఒక్క సంతకాలతో మా భవన సంఘం తమకిచ్చిన ఫిర్యాదును రాసినది నేను. మా నాన్నగారు సంఘానికి కార్యదర్శి. నా అక్షరాలు గుండ్రంగా ఉంటాయని భవనంలో ఎవరికి ఏ దరఖాస్తు కావలసినా మా ఇంటికే వస్తారు. అడిగినవాళ్ళకు కాదని చెప్పడం నాకు చేతకాదు. చెప్పాలంటే నోరు విప్పాలి. అంతకంటే రాసి ఇవ్వడం సులువు.

ఆ ఫిర్యాదులో "భరింపరాని", "నిద్రాభంగకరమైన", "విద్యార్థుల భవిష్యత్తును కబళించు" అనే మాటలు నావి. సంతకం పెట్టినవాళ్ళలో కొందరికి "కబళించు" అంటే ఏమిటో నేనే చెప్పాను. బాగుందన్నారు.

2. ఆరోపణకు ఆధారం కావాలని తమ కార్యాలయం కోరినందున, నాన్నగారు శబ్దం కొలిచే మీటరు ఒకటి తెచ్చి నాకప్పగించారు. సాయంత్రం ఏడు నుంచి పది వరకు, ప్రతి పావుగంటకు ఒక అంకె చొప్పున రాయాలి. మీటరు కదలని, సమమైన చోట పెట్టాలని దాని పెట్టె మీద ఉంది. మా గదిలో సమంగా ఉన్నది గోడకు ఆనించిన ఇనప ట్రంకుపెట్టె ఒక్కటే. దాని మీద పెట్టాను.

ఆ మూడు గంటలూ నేను చదువుకోవాలి కూడా. అందుకని చెవుల్లో దూది పెట్టుకున్నాను. అంకె కంటికి కనబడుతుంది కదా, దానికి చెవితో పనేముంది అనుకున్నాను.

ఇది చదివి తమరు నవ్వవచ్చును. తమ కార్యాలయంలో కౌంటరు దగ్గర వరసలో ఉన్నవారు నవ్వారు. నాకు మాత్రం పన్నెండు రోజులుగా నవ్వు రావడం లేదు.

3. అంకెలు డెబ్బై డెసిబెల్స్‌కు తగ్గలేదు. పరిమితి యాభై ఐదు. తమరు వెంటనే, తుది విచారణ అయ్యేవరకు హాలులో వాయిద్యం ముట్టరాదని తాత్కాలికాజ్ఞ ఇచ్చారు. "కొలవడం ఆపకు. ఆజ్ఞకు ముందూ తరవాతా ఎంత తేడా ఉందో చూపిద్దాం," అన్నారు నాన్నగారు. ఆపలేదు.

ఆజ్ఞ వచ్చిన మొదటి సాయంత్రం డెబ్బై ఒకటి. రెండో సాయంత్రం డెబ్బై రెండు. దూది చెవుల్లోనే ఉంది. తమ ఆజ్ఞను కూడా లెక్కచేయకుండా వాయిస్తున్నారని నాకు చాలా కోపం వచ్చింది. "రిమార్కులు" అనే గడిలో ఎర్ర సిరాతో "ధిక్కరణ" అని రాసి కింద గీత గీశాను. అలా తొమ్మిది సాయంత్రాలు. తొమ్మిది ధిక్కరణలు.

ఆ తొమ్మిది పేజీల నకలును నాన్నగారు తమకు సమర్పించారు. ఆ ఎర్ర గీతల వల్లనే తాత్కాలికాజ్ఞ పోయి, అనుమతి రద్దు, శాశ్వతంగా సీలు, సామగ్రి జప్తు అనే ఉత్తర్వు వచ్చిందని అందులోనే ఉంది. "ఫిర్యాదుదారుల దినచర్య పుస్తకం మేరకు" అని. ఆ ఉత్తర్వు హాలు తలుపుకు అంటించి ఉంది. మెట్లు ఎక్కినప్పుడల్లా కనబడుతుంది.

4. మా నాన్నమ్మకు ఆరేళ్ళుగా వినబడదు. రోజూ ఏడింటికి కుర్చీ లాక్కుని, గోడకు అరచెయ్యి ఆనించి, పది వరకు కూర్చుంటుంది. గోడ చల్లగా ఉంటుందని కాబోలు అనుకునేవాళ్ళం. ఎవరమూ అడగలేదు.

నకలు సమర్పించిన రోజు సాయంత్రం నా దూది లాగి పారేసింది. తనకు వినబడదు కనుక పక్కవాళ్ళకు కూడా వినబడదన్నట్టు అరుస్తుంది.

"ఒసేయ్, పది రోజులుగా కింద పాట లేదుగా. మరి గోడెందుకే వణుకుతోంది?"

నేను కాగితం మీద "పాట ఉంది" అని రాసి చూపించాను.

"నీ మొహం. పాటైతే ఆగుతుంది, మళ్ళీ ఎత్తుకుంటుంది. ఇది ఊరికే వణుకుతోంది, జ్వరమొచ్చినట్టు. చెయ్యి పెట్టి చూడు."

పెట్టాను. పాట లేదు. ఒకే తీరుగా "ఊఁ" అని గోడ మూలుగుతోంది. దాంతోపాటు ట్రంకుపెట్టె, పెట్టెతోపాటు మీటరు. టార్చి తీసుకుని నేలమాళిగలోకి దిగాను. హాలుకు తాళం, తమ ఆజ్ఞ కాగితం, చీకటి. దాని పక్క గదిలో మా భవనం నీళ్ళ మోటారు. కింద ఉండాల్సిన నాలుగు రబ్బరు దిమ్మల్లో రెండు లేవు. బోల్టులు వదులు. పై ట్యాంకుకు పోయే ఇనప గొట్టం మా గదిగోడలోంచే వెళ్తుంది. మోటారు ఏడింటికి మొదలై, ట్యాంకు నిండేసరికి పది అవుతుంది.

నేను కొలిచినది సంగీతాన్ని కాదు. ముప్ఫై ఒక్కరూ స్నానం చేసే నీళ్ళను.

5. ఈ సంగతి మొదట నాన్నగారికే చెప్పాను.

"ఆ మోటారు పట్టుబట్టి కొనిపించింది నేను," అన్నారు. "బిగించిన రోజు పక్కన నిలబడింది నేను. ఇప్పుడు తప్పంతా మోటారుదేనంటే రేపు మీటింగులో నా మొహం ఎక్కడ పెట్టుకోను?"

"మరి కింద వాళ్ళు, నాన్నా?"

"వాళ్ళ సంగతి అధికారులు చూసుకుంటారు. ఆ పేజీలు చింపెయ్."

"పేజీలకు నంబర్లు వేశాను."

"ఎవరు వెయ్యమన్నారు?"

"ఎవరూ అనలేదు."

ఆయన చెడ్డవారు కారు. మోటారు లేని రోజుల్లో నాన్నమ్మ కోసం నాలుగంతస్తుల భవనానికి అడుగున ఉన్న కుళాయి నుంచి బిందెలు మోసిన మనిషి. తమరు ఉత్తర్వు రాసేటప్పుడు ఇది కూడా గుర్తుంచుకోమని మనవి.

6. తరువాత తమ కార్యాలయానికి రెండుసార్లు వచ్చాను. మొదటిసారి కౌంటరు దాకా వచ్చి, నా వంతు వచ్చేసరికి వెనక్కి తిరిగి వెళ్ళిపోయాను. రెండోసారి నిలబడ్డాను. ఫిర్యాదు వెనక్కి తీసుకునే ఫారం ఇమ్మని అడిగాను.

"అలాంటి ఫారం లేదమ్మా. ముప్ఫై ఒక్కరూ వచ్చి సంతకాలు పెడితే అప్పుడు చూద్దాం," అన్నారు గుమాస్తా గారు.

"వాళ్ళు రారండీ."

"అయితే ఇంకేముంది. కొత్త ఫిర్యాదైతే ఒక్కరైనా ఇవ్వొచ్చు. ఎవరి మీద?"

నాకు ఇంకేమీ తోచలేదు. "నా మీదేనండీ," అన్నాను.

ఆయన కళ్ళజోడు తీసి నన్ను చూశారు. "ఇంట్లో ఏమైనా గొడవైందా, తల్లీ?"

"లేదండీ."

"ప్రతివాది చిరునామా?"

"ఫిర్యాదిదేనండీ."

వెనక వరసలో ఎవరో పకపకా నవ్వారు. నా చెవులు కాలిపోయాయి. అయినా ఫారం తీసుకున్నాను. ఇది ఆ ఫారానికి జతచేసే అర్జీ.

7. ఇప్పుడు రాయబోయేది నేరాంగీకారం.

మోటారు లేకుండా హాలు శబ్దం ఎంత అనేది తేలకపోతే నా మాటకు విలువ లేదు. నిన్న మంగళవారం మధ్యాహ్నం, మోటారు ఆగి ఉన్న వేళ, హాలు నడిపే ఆవిడ దగ్గరికి వెళ్ళాను. అందరూ ఆవిడను అక్క అంటారు. వస్తువుల జాబితా రాసుకుంటున్నారు. లైట్ల బోర్డు పక్కన మా ఫిర్యాదు నకలు పిన్నుతో గుచ్చి ఉంది. నేను ఎవరో చెప్పబోయి, మాట రాక, కాగితం మీద రాసి ఇచ్చాను. ఆవిడ కాగితాన్ని చూశారు, గోడను చూశారు.

"ఓహో, ఈ అక్షరాలు నీవేనా! కొంప ముంచినా ముత్యాల్లా రాశావే అనుకున్నా. 'కబళించు' కూడా నువ్వేనా?"

తల ఊపాను.

"కూర్చో. మేము కబళించంలే."

విషయం చెప్పాను. మూడు నిమిషాలు వాయించమని బతిమాలాను. వాయిద్యం ముట్టకూడదన్న ఆజ్ఞ తలుపు మీదే ఉంది. ఆవిడ ఆ కాగితం వైపు చూస్తూ నిలబడిపోయారు.

"ఇన్నాళ్ళూ చెయ్యని తప్పుకి తొమ్మిదిసార్లు రాశావు. ఇప్పుడు నిజంగానే చెయ్యమంటున్నావు. ఇది కూడా రాస్తావా?"

"రాస్తాను," అన్నాను. అబద్ధం చెప్పలేకపోయాను.

ఆవిడ నవ్వేశారు. "సరే, రాసుకో," అని ఫోను తీశారు.

అరగంటలో ముగ్గురు వచ్చారు. కళ్ళద్దాల దుకాణంలో అద్దాలు అరగదీసే ఆయన డ్రమ్ములు. డ్రైవింగు నేర్పే ఆయన గిటారు. లాండ్రీలో ఇస్త్రీ చేసే ఆవిడ పాట. భోజనం మానుకుని వచ్చారు. నేను పైకి పరుగెత్తి, మీటరును ట్రంకు మీద కాక పుస్తకాల దొంతర మీద పెట్టి, బయట నిలబడ్డ అక్కకు కిటికీలోంచి చెయ్యి ఊపాను.

నలభై ఆరు. డ్రమ్ములు గట్టిగా పడినప్పుడు నలభై తొమ్మిది. అంతకు మించలేదు. పేజీ నలభై మూడు చూడవలెను. అక్కడ ఎర్ర సిరాతో "ధిక్కరణ" అని రాశాను, గీత కూడా గీశాను. పది ధిక్కరణల్లో నిజమైనది అదొక్కటే. అది నా కోసం, నా ప్రోద్బలంతో జరిగినందున, దానికి శిక్ష నాకు వేయవలెను గాని వారికి కాదు.

ఇంకొక మాట, కొలతకు సంబంధం లేనిది. ఆరు నెలలు ఆ హాలు మీద రాసి, నేను అక్కడి పాట వినడం అదే మొదటిసారి. గొట్టం గుండా, నేల గుండా, సన్నగా వచ్చింది. మాటలు తెలియలేదు. స్కూల్లో ప్రార్థన గీతంలో నా గొంతు కలవడం లేదని సిస్టరు గారు "నువ్వు పెదవులు కదిపితే చాలు" అన్నారు. అప్పటినుంచి పాట జోలికి పోలేదు. నిన్న నా పెదవులు వాటంతటవే కదిలాయి. నాన్నమ్మ గోడ మీద వేళ్ళు ఆడిస్తూ, "ఇదీ!" అని భవనమంతా వినబడేలా అరిచింది.

8. స్కూలు బస్సులోంచి మా వీధిలో ఇటువంటి హాళ్ళు నాలుగు లెక్కపెట్టేదాన్ని. ఒకటి జిమ్ము అయింది. ఒకటి ఫోన్ల దుకాణం. ఒకటి తాళం. ఇది నాలుగోది. ఇందులో శుక్రవారం చీటీల రోజు. ఎప్పుడూ నలుగురి ముందు పాడనివాళ్ళు పేరు రాసి బిస్కెట్ డబ్బాలో వేస్తారు; చీటీ వచ్చినవాళ్ళకు రెండు పాటలు. డబ్బాలో ఇప్పుడు పదిహేడు చీటీలు ఉన్నాయి. జాబితాలో అక్క డబ్బాను కూడా రాశారు. జప్తు చేసిన చీటీలను తమ కార్యాలయం ఏం చేస్తుందో నాకు తెలియదు.

హాలు వల్ల ఎవరికీ ఇబ్బంది లేదని నేననడం లేదు. స్కూటర్లు గేటుకు అడ్డంగా పెడతారు. మెట్ల మీద నిలబడి గట్టిగా నవ్వుతారు. దానికి వేరే ఫిర్యాదు రాయవచ్చు. అడిగితే నేనే రాసి పెడతాను, ఈసారి చెవులతో విని.

కావున ప్రార్థించునది: (అ) రేపటి ఉత్తర్వును నిలిపివేసి, తమరు స్వయంగా వచ్చి, మోటారు ఆపి ఒకసారి, నడిపి ఒకసారి కొలవవలెను, (ఆ) తొమ్మిది ధిక్కరణలను కొట్టివేసి, పదోదాన్ని నా పేర నమోదు చేయవలెను, (ఇ) ఫిర్యాది, ప్రతివాది ఒకరే అయినందున ఇద్దరికీ వేర్వేరు నోటీసులు పంపనక్కరలేదు, ఒకటి చాలు.

ఇదంతా చిత్తగించవలెను. చిత్తగించడానికి తమకు రేపు పదకొండు గంటల వరకే వ్యవధి ఉన్నదని కూడా చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
కొలతల పుస్తకం రాసిన అమ్మాయి,
మొదటి అంతస్తు, హాలుకు సరిగ్గా పైన

తా.క.: గుమాస్తా గారు ఇది తమ బల్ల మీదికి రావడానికి వారం పడుతుందన్నారు. అందుచేత నిన్న సాయంత్రం ఏడింటికి ముందే మోటారు గదికి తాళం వేశాను. తాళంచెవులు రెండే. రెండూ నాన్నగారి మేకు మీదివి. రెంటినీ దారంతో కట్టి ఈ కవరులో పెట్టాను. నిన్న సాయంత్రం అదే ట్రంకుపెట్టె మీద అంకె ముప్ఫై ఎనిమిది. పేజీ నలభై నాలుగు.

ఉదయం ఆరింటికి ట్యాంకు ఖాళీ అయింది. మొత్తం భవనంలో నీళ్ళు లేవు. తమరు వచ్చి తాళం తీసేవరకు రావు. నీళ్ళు కావలసినవాళ్ళే ఈ కవరును వారం ఆగకుండా తమ దగ్గరికి మోసుకొస్తారు. తలుపు కొడుతున్నారు. మూడో అంతస్తు పిన్నిగారు మొహం మీద సబ్బుతో నిలబడి తిడుతున్నారు. నాన్నగారు తలుపుకు అడ్డంగా కుర్చీ వేసుకుని కూర్చున్నారు. "ముందు దాన్ని రాయనివ్వండి," అంటున్నారు.

దయచేసి త్వరగా రండి. నా చెవుల్లో దూది లేదు. అన్నీ వినబడుతున్నాయి.